పల్లకి పరదా మీద కాంతి పాఠం

మా ముత్తాత వీరప్ప నాయనింగారు పల్లకి ఎక్కకుండా విడపనకల్లు వీధుల్లోకి వచ్చేవారు కారు. మా తాత రంగప్ప నాయనింగారు అరుగు మీద కూర్చుంటే గుర్రాలు కూడా నెమ్మదిగా నడిచేవట. అంతటి వంశం పరువును ఒక్క పూటలో, ఒక కాలేజీ గదిలో, సూర్యుడి సాక్షిగా నేనెలా ముంచానో చెబుతాను. మీరు నవ్వండి. నేను నవ్వను.

గుత్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పాలి. ఉద్యోగం వస్తే బెళుగుప్ప దారిలో మాకు మిగిలిన ఒకే ఒక్క వేరుశనగ చేను నిలుస్తుంది. రాకపోతే అమ్మేస్తానని నాయన తేల్చి చెప్పారు.

పాఠం: కాంతి తరంగమా, కణమా? లేజర్‌ను రెండు సన్నని చీలికల గుండా పంపితే గోడ మీద వెలుగు చారలు, చీకటి చారలు పడతాయి. కాంతి తరంగమనడానికి అదే రుజువు. కానీ గది చీకటిగా ఉండాలి. ఆ గది కిటికీకి తలుపులే లేవు. మా అనంతపురం ఎండకు గుండుసూది సందు దొరికినా చాలు, సంసారం పెట్టేస్తుంది. అందుకే ముత్తాతగారి పల్లకి పట్టు పరదా తెచ్చి కట్టాను.

గది చీకటైంది. ఎదురు గోడ మీద మాత్రం మరమరాలు చల్లినట్టు వెలుగు చుక్కలు!

వెనక బెంచీలో ప్రిన్సిపాల్ కదిలారు. "ఏమప్పా, నీ గుడ్డకు తూట్లు ఉండాయా?"

ఉన్నాయి. పురుగులు తరతరాలుగా విందు చేసుకున్నాయి. కానీ ముత్తాత పరదాకు తూట్లని పిల్లల ముందు ఒప్పుకోవడమా? నా వెన్ను నిటారైంది. నాలుక జారింది.

"తూట్లు కావు సార్. కాంతి కణాలు."

"కంటికి కనపడతాయా సార్?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

"చూసే కన్నుండాలమ్మా."

"మరి తరంగం యాడ సార్?"

అంతలో గాలి వీచింది. పరదా ఊగింది, దాంతో చుక్కలన్నీ ఊగాయి.

"అదిగో! కణాలే తరంగాలుగా నడుస్తున్నాయి!"

ఒకరిద్దరు పాపం రాసుకుంటున్నారు కూడా. ప్రిన్సిపాల్ లేచి కిటికీ వైపు నడిచారు. ఆయన వేసే ఒక్కో అడుగుకూ మా చేను ఒక్కో సాలు చొప్పున జారిపోతున్నట్టుంది. ఆయన ఒక తూటుకు వేలు అడ్డం పెట్టారు. గోడ మీద ఒక చుక్క మాయమైంది.

"కణం సచ్చిపోయినాదప్పా." వేలు తీశారు. "మళ్లా బతికినాది చూడు. ఇంతకూ లేజర్ యాడుండాది?"

నా జేబులో ఉంది. వెలిగించనే లేదు.

పిల్లల నవ్వులకు పైకప్పు రేకులు అదిరాయి. ఆయన మాత్రం నవ్వలేదు. "తూట్లని చెప్పింటే ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుందుము కదప్పా. పిల్లోళ్లకు అబద్ధం చెప్పే సారు నాకొద్దు."

కనుక మహాజనులారా, మా పూర్వీకులందరినీ పేరుపేరునా తలచుకుని ప్రమాణం చేస్తున్నాను: సూర్యుడు చూసేసిన చిల్లును ఈ జన్మలో మళ్లీ దాచను.

ఆ వారమే నాయన చేను అమ్మేశారు.