మూడో జ్వరం లేచిన రెండో రోజు

ఆ పెద్దాయనకు సున్నా వేయడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. సైకాలజీ ఎమ్మెస్సీ చివరి సంవత్సరం అది. పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తి మీద నా ప్రాజెక్టు. చింతామణిలో పుట్టి పెరిగినదాన్ని, తెలుగూ కన్నడా రెండూ వచ్చినదాన్ని, పల్లెల్లో ఈ పని నాకంటే బాగా ఎవరు చేస్తారులే అని కొంచెం పొగరు కూడా ఉండేది.

దిబ్బూరహళ్ళి దగ్గర పట్టుపురుగులు మేపే ఇల్లు. ఆయన మల్బరీ ఆకు కోసిన చేతులు పంచెకు తుడుచుకుని నా ముందు కూర్చున్నాడు. ప్రశ్నలు కన్నడంలో ఉన్నాయి. నేనే అప్పటికప్పుడు తెలుగు చేసి అడిగాను.

"ఈ పొద్దు తేదీ ఎంతప్పా?"

"పురుగులు మూడో జరం లేచి రెండు దినాలాయ."

పురుగు మేత మానేసి, కదలకుండా పడుకుని కుబుసం విడిచే సమయాన్ని అక్కడ జ్వరం అంటారు, మళ్ళీ మేతకు రావడాన్ని లేవడం అంటారు. అది నాకు తెలుసు. తెలిసీ సున్నా వేశాను. కాగితం అడిగింది తేదీ కదా!

"నూరులో ఏడు తీసేస్తే ఎంత?"

"ఏంటివి తీసేదమ్మా?"

"ఊరికే అంకెలప్పా."

"ఊరికే ఎందుకు తీస్తారు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇంకో సున్నా వేశాను. బొమ్మ చూసి గీయమని పెన్సిలిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు. బడి మొహం చూడని మనిషి. నా పరీక్ష కొలిచింది బడినే గాని మతిని కాదని అప్పుడు నా బుర్రకు తట్టలేదు. ఆ సున్నాలు నా థీసిస్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

అక్కడితో ఆగి ఉన్నా బాగుండేది. ఫలితం ఎవరికీ చెప్పనని ఫారం చదివి వినిపించి, ఆయన చేత వేలిముద్ర వేయించుకున్నది నేనే. పావుగంట తర్వాత కోడలు కాఫీ తెచ్చిచ్చి, "మా మామ మతి ఎట్లుండాదమ్మా?" అంది. డాక్టరును అడిగినట్టు అడిగింది. ఆ గౌరవం నాకు నచ్చింది. నోరు జారాను అని చెప్పుకోను, తెలిసే చెప్పాను.

"మార్కులు శానా తక్కువొచ్చినాయమ్మా. మరుపు మొదలైనట్ల ఉండాది. కొంచెం కనిపెట్టుకోనుండండి."

రెండు నెలల తర్వాత అదే ఊరికి మళ్ళీ వెళ్ళాను. పురుగులకు ఆకు వేసే వేళ. ఆయన మాత్రం అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"వస్తివా అమ్మా! మళ్ళా పెట్టు పరీక్ష. ఈసారి చెప్తా."

నేను కూర్చోకముందే వారం, తేదీ, నెల, సంవత్సరం కన్నడంలో గడగడా అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు. మనవరాలు రోజూ పొద్దున్నే క్యాలెండరు చూసి నేర్పిస్తోందట. "పాసైతే పురుగులింట్లేకి రానిస్తారు కదమ్మా?" అన్నాడు.

నేరుగా కోడలి దగ్గరికి వెళ్ళాను. "తప్పు నాదమ్మా. ఆ పరీక్ష చదువుకున్నోళ్ళ కోసరం చేసింది. మీ మామకేమీ లేదు."

ఆమె కోప్పడలేదు. "ఆ పొద్దు మరుపుండాదని మీరే చెప్తిరి. ఇప్పుడు లేదని మీరే చెప్తాండారు. జరంలో పురుగుల మింద సున్నం చల్లేది ఒక్కపూట మరిచిపోతే పంటంతా పోతాది. మేమెట్ల నమ్మాలమ్మా?" అంది. మొదటి మాటను నమ్మడానికి ఆమెకు నా చదువు చాలింది. రెండో మాటకు అదే చదువు చాలలేదు.

బయటికొచ్చాను. "పాసైతినా?" అన్నాడు.

"పాసైనారప్పా."

ఆనాడు అడగాల్సిన ప్రశ్న ఈనాడైనా అడుగుదామనిపించింది. "పురుగులు ఎన్నో జరంలో ఉండాయప్పా?"

ఆయన మూసి ఉన్న పురుగులింటి తలుపు వైపు చూశాడు.

"తెలీదమ్మా," అన్నాడు.