పిలిస్తే వచ్చిన కుక్క

కుక్కలు పట్టే పనిని మా మున్సిపాలిటీ కాంట్రాక్టుకిచ్చింది. ఈ రోజు ఆ కాంట్రాక్టర్ మనుషుల బండి మా గల్లీకొచ్చింది. బడిపిల్లలను కరిచే నల్ల కుక్క వల చూడగానే పారిపోయింది. పక్కింటి అవ్వ సాకే ఎర్ర కుక్కను మాత్రం, "సూదేసి ఇడుస్తం, జర పిలువవ్వా" అని ఆమెతోనే పిలిపించి బండెక్కించారు.

"కరిచేదాన్ని ఇడిసి దీన్నెందుకు పట్టిండ్రు?" అని బండివాణ్ని అడిగాను.

"అది దొరుకుతలేదు సార్. ఇది దొరికింది."

ఎర్ర కుక్కను ఎప్పుడు వదులుతారని మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే కాంట్రాక్టర్‌ను అడగమన్నారు. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తలేదు.

సాయంత్రానికి ఎర్రది రాలేదు గానీ నల్ల కుక్క తిరిగొచ్చి, ఎర్రదాని గోనెసంచి మీదే దర్జాగా పడుకుంది. అవ్వ అన్నం గిన్నె పట్టుకుని గడప మీద కూర్చుంది.

"నేను పిలిస్తెనే గదా బిడ్డా, అది బండి కాడికి పోయింది" అంటోంది.

ఆమెకేం చెప్పాలో మీకెవరికైనా తెలుసా?