హనుమాయమ్మ లేహ్యం, ఓబులమ్మ పథ్యం

మా అత్త హనుమాయమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమె గడ్డలు నూరిన కల్వం ఇంకా వెనక వసారాలోనే ఉంది. దగ్గరికి వెళ్తే తాటిబెల్లం, యాలకుల వాసన వస్తుంది. ఇన్నాళ్ళకు వాసన మిగలదని తెలుసు. అయినా వస్తుంది.

ఆత్మకూరు బజారులో మాది పచారీ కొట్టు. ముందువైపు మామ ఆదినారాయణది: చింతపండు, ఎండుమిరపకాయలు, కిరసనాయిలు. వెనక వసారా అత్తది. అక్కడికి ఆడవాళ్ళు సందులోంచి వచ్చేవాళ్ళు. అత్త పుట్టిల్లు ఉదయగిరి. కొండ మీద ఏ గడ్డ ఎప్పుడు తవ్వాలో వాళ్ళ అవ్వ నేర్పింది. శతావరి అంటారే, ఆ పిల్లిపీచర గడ్డలు ఒలిచి, ఎండబెట్టి, దంచి, నెయ్యితో తాటిబెల్లం పాకంలో పెట్టి ఆమె చేసే లేహ్యం కోసం మర్రిపాడు, కలువాయి నుంచి కూడా వచ్చేవాళ్ళు.

ఎందుకని ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. "ఒళ్ళు చల్లబడిందక్కా" అనేవాళ్ళు. మొగుడి పక్కన పడుకోవాలని మనసు పుట్టడం లేదని దాని అర్థం. కోడలిగా వచ్చిన కొత్తలో నేను ఒకామెకు జలుబనుకుని శొంఠి కాచి ఇవ్వబోయాను. అత్త గోడకు ఆనుకుని నవ్వింది.

ఆమెకు ఒకే నియమం. తినే మనిషే వచ్చి అడగాలి. మొగుడొచ్చినా, కన్నతల్లి వచ్చినా ఇచ్చేది కాదు.

రెండో పెళ్ళి కూడదని మద్రాసు చట్టం వచ్చిన రెండు మూడేళ్ళకు కాబోలు, ఒక ఎండాకాలం మర్రిపాడు నుంచి ఓబులమ్మ బస్సు దిగి వచ్చింది. పొలాలున్న ఇంటి ఇల్లాలు. ఊళ్ళో ఆమె మాటకు ఎదురు లేదు.

"శెట్టెమ్మా, నీ లేహ్యం ఒక జాడీ ఇయ్యి. మా కోడలు రాఘవమ్మకి. దానికి చెప్పను, మజ్జిగలో కలిపిస్తా."

"తినే మనిషి రావాల ఓబులమ్మక్కా."

"అది వచ్చేదైతే నేనెందుకొస్తా? మావోడు పక్కకు పోతే గోడవైపు తిరుగుతాదంట. శ్రావణం దాకా చూస్తా. అప్పటికీ ఇంతేనంటే మా అన్న కూతుర్ని తెచ్చి చేస్తా."

"చట్టం వచ్చిందంట గదా?"

"చట్టం మద్రాసులో ఉండాది. మేం మర్రిపాడులో ఉండాం."

"ఎక్కడున్నా ఆమే రావాల."

ఓబులమ్మ విసురుగా లేచింది. "మా ఊరోళ్ళు ఒక్కరు నీ గడప తొక్కితే నన్నడుగు!"

ఆమె సందు దాటగానే మామ లోపలికి వచ్చాడు. "మర్రిపాడు గిరాకీ అంతా పోతాది. ఇచ్చేస్తే ఏం పోయె?"

"చెప్పకుండా పెడితే దాన్ని మందు ఇవ్వడం అనరు, మందు పెట్టడం అంటారు. నేను మందు పెట్టేదాన్ని కాను" అంది అత్త.

వారం తిరక్కుండా ఓబులమ్మే కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. అత్త ఆమెను ముందు కొట్లో కూర్చోబెట్టి, రాఘవమ్మను ఒక్కదాన్నే వసారాలోకి పిలిచింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, మెడ ఎముకలు కనిపిస్తున్నాయి.

అత్త మొగుడి మాట ఎత్తలేదు. "ఏం తింటా ఉండావమ్మా?"

"బాలింత పథ్యం. ఒక పూట అన్నం, వెల్లుల్లి కారం."

"బిడ్డ బోర్లా పడతా ఉండాడా?"

"పరిగెత్తతా ఉండాడక్కా."

మూల గడ్డలు దంచుతున్న నా చేతిలో రోకలి ఆగిపోయింది. ఓబులమ్మది కసి కాదు. బాలింతకు బలం వచ్చిందాకా పథ్యం విడవకూడదని ఆమె పట్టుదల. బలం రాలేదని పథ్యం విడవలేదు. పథ్యం విడవలేదని బలం రాలేదు.

"ఆయనంటే ఇష్టం లేదా మే?" అనడిగింది అత్త.

"బంగారం లాంటి మనిషి. గడపలో ఆయన చెప్పుల చప్పుడు వింటే చేతిలో గంటె జారిపొయ్యేది. ఇప్పుడు వినపడతాది, అంతే." రాఘవమ్మ కళ్ళు తుడుచుకుంది. "సవతి వస్తాదనే భయం ఒకటి. దానికన్నా ఆ గంటె జారే రాఘవమ్మ యాడికి పొయ్యిందో అని ఏడుపొస్తాది. నాకది కావాల."

"అయితే లేహ్యం ఎవరడుగుతా ఉండారు?"

"నేనే."

అత్త జాడీ దించి, ఓబులమ్మను లోపలికి పిలిచింది. "అక్కా, ఈ గడ్డ ఒళ్ళు నిలుపుతాది. మనసు నూరి ఇచ్చేవాళ్ళెవరూ లేరు. ఒళ్ళు నిలిస్తే అదే వస్తే వస్తాది. కానీ దీనికి గట్టి పథ్యం ఉండాది."

ఓబులమ్మ నడుం నిటారు చేసుకుంది. "చెప్పు. పథ్యంలో నన్ను వేలెత్తి చూపినోళ్ళు లేరు."

"రెండు పూటలా పప్పు, నెయ్యి, ఆకుకూర. రాత్రికి పాలు. నీ చేత్తో వడ్డించాల. ఆమె కడుపు నిండినాకే నువ్వు తినాల. బిడ్డ నీ పక్కలో పడుకోవాల. మీవాడు తనంతట తాను పక్కకు రాకూడదు. ఆమె పిలిస్తేనే."

"పిలవకపోతే?"

"పథ్యం పథ్యమే గదా అక్కా."

ఓబులమ్మ ఒకసారి కోడలి వైపు చూసింది. "సరే" అంది.

శ్రావణం వచ్చింది. పెళ్ళికబురు వస్తుందేమోనని మామ భయపడ్డాడు. వచ్చింది అత్తాకోడళ్ళే. ఓబులమ్మ కళ్ళకింద నల్లటి చారలు. మనవడు నిద్రపోనిస్తే కదా. వసారాలో ఉన్న ఆడవాళ్ళందరికీ వినిపించేలా "నా పథ్యమంటే ఏందనుకుండారు? ఒక్క పూట తప్పలేదు! మా అన్నకు కబురు చేసినా, పిల్లకు వేరే సంబంధం చూసుకోమని" అంది.

రాఘవమ్మ బుగ్గలు నిండి ఉన్నాయి. అత్త చెవి దగ్గరికి వంగింది.

"మొన్న నేనే పిలిచినా అక్కా."

"ఏమన్నాడు?"

"నమ్మలేదు. ఇంకోసారి పిలువు అన్నాడు."

అత్త నవ్విన నవ్వుకు ముందు కొట్లో మామ తక్కెడ వదిలేసి వచ్చి తొంగి చూశాడు. రాఘవమ్మ జాడీ తిరిగి ఇచ్చింది. ఇంకా సగం ఉంది. ఆకలి మొదలయ్యాక లేహ్యం సంగతే మరిచిపోయిందట.

అందరూ లేచారు. ఓబులమ్మ మాత్రం చెప్పులు వెతుక్కుంటున్నట్టు వెనకబడింది. కోడలు సందు మలుపు తిరిగేదాకా ఆగి, జాడీ వైపు చూసింది.

"ఆ సగం పారబోస్తావా శెట్టెమ్మా?"

"ఎవరికి కావాలక్కా? తినే మనిషే వచ్చి అడగాల."

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వచ్చినా గదమ్మా!"

అత్త జాడీకి గుడ్డ కట్టి ఆమె చేతిలో పెట్టింది.