కేకకు యాస లేదు

పోయిన బుధవారం పొద్దున మా ఎదురింటి అత్త చనిపోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి, "అత్త పోయిందే" అని మాత్రం అంది. నేను చేతిలో ఉన్న పుస్తకంలో ఆ పేజీ చివరిదాకా చదివాను. ఎందుకు చదివానో తెలియదు.

ఆమె గొంతు మీలో కొందరు వినే ఉంటారు, ఆమెదని తెలిసి ఉండదు. జపాన్ నుంచి వచ్చే అనిమే బొమ్మల సీరియళ్లకు తెలుగు డబ్బింగ్ చెప్పేది. ఎక్కువగా పన్నెండు, పదమూడేళ్ల మగపిల్లలకు. ఆ కథల్లో మగపిల్లల గొంతులు చాలావరకు ఆడవాళ్లవే. ఎన్నో తరాలుగా మద్రాసు తొండియార్‌పేటలో ఉన్న కుటుంబం కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడినా అత్తకు తెలుగు అక్షరాలు రావు. పెద్ద సీన్లు ఉంటే డైలాగు పేపర్లు ముందే అడిగి తెచ్చుకుని, మా ఇంటికి వచ్చి నాచేత చదివించుకుని, తమిళ అక్షరాల్లో రాసుకునేది. నాకు తాతయ్య తెలుగు నేర్పాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు, ఇంటికి ఎవరైనా వస్తే తలుపు వెనక్కి వెళ్లే పిల్లని.

"ఉత్తినే చదువు పాపా. ప్రాణం నేను పోస్తాలే" అనేది.

స్టూడియోలో ఆమె మాటను దిద్దేవారు. ఈడ కాదు, ఇక్కడ. ఉండాది కాదు, ఉంది. దిద్దించుకుని వచ్చి నవ్వేది. "నా తెలుగును చెప్పులతో పాటు బయట విడిచి పోవాల. కేక మాత్రం నాదే. కేకకు యాస లేదు గదా, ఎట్ట దిద్దుతారు?"

ఆ కేకలను మా మేడ మీద సాధన చేసేది. ఊరికే అరిస్తే వీధంతా పరిగెత్తుకొస్తుంది. అందుకని సాయంత్రం పైకెక్కి, హార్బరుకు పోయే కంటైనర్ లారీల కోసం కాచుకునేది. హారన్ మోగగానే దాని కింద కేక పెట్టేది. హారన్ ఆగేలోపు నోరు మూసేది. పక్కన నిలబడ్డ నాకు తప్ప ఎవరికీ వినిపించేది కాదు.

నాకు బాగా గుర్తున్నది కొంగగా మారే ఒక అబ్బాయి కథ. పదమూడేళ్లకు భుజాల మీద ఈకలు మొలుస్తాయి. ఎవరూ చూడకుండా మెడదాకా గుండీలు పెట్టుకుని బడికి పోతాడు. ఆ ఏడాది నేను మద్రాసు ఎండలో యూనిఫాం మీద స్వెటర్ వేసుకుని కాన్వెంటుకు పోయేదాన్ని. "జ్వరమా?" అని సిస్టర్ అడిగితే తలూపేదాన్ని. ఆ గుండీల సంగతి నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

అదే కథలో అతని స్నేహితురాలు కూడా మారుతుంది. వెలుగు, సంగీతం, గాలిలో రిబ్బన్లు. అర నిమిషంలో కొత్త గౌను. నొప్పి లేదు, మరక లేదు. మర్నాడు జడ చెదరకుండా బడికి వస్తుంది. అబ్బాయి మారినప్పుడు మాత్రం ఎముకలు విరిగే చప్పుడు, కేక.

నేను పెద్దమనిషినై మూలన చాప మీద కూర్చున్న రోజుల్లో అత్త ఆ పేపర్లు పట్టుకుని వచ్చింది. అమ్మ వద్దంటున్నా అదే చాప మీద కూర్చుంది. నేను ముక్కు చీదుకుంటూ చదివాను.

"మొగోడికి కేకంట, ఆడపిల్లకు రిబ్బనంట. రాసినోడికి ఒక్కసారన్నా కడుపునొప్పి వచ్చుండదు" అంది.

నవ్వొచ్చింది. ఆ సాయంత్రం లారీ హారన్ కింద ఆమె పెట్టిన కేక ఆ ఒక్కసారి కింద చాప మీదికే వినిపించింది. అది నాకోసం కూడా అనుకున్నాను. అడగలేదు.

కథ సగానికి వచ్చేసరికి ఆ అబ్బాయికి పదహారేళ్లు నిండాయి. గొంతు మారింది కాబట్టి ఎవరో మగాయనను పెట్టారు. ప్రతి కథలోనూ ఇంతే. "పెంచి పెద్దచేసి అత్తారింటికి పంపేసినా" అనేది. ఒకసారి మాత్రం పేపర్లు మడుస్తూ, "ఒక్కడన్నా నా గొంతుతోనే పెద్దోడు కాకూడదా పాపా?" అంది. అంతకు మించి ఆమె ఏదైనా కోరుకోవడం నేను వినలేదు.

రెండేళ్ల కిందట మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. గొంతు బొంగురైపోయింది.

"చూడవే, నాకూ గొంతు మారె! ఇంక పెద్దోడికి కూడా నేనే" అంది. నేను వేళాకోళం అనుకున్నాను. మంచి చీర కట్టుకుని, రెండు బస్సులు మారి నిజంగానే స్టూడియోకు పోయింది. మధ్యాహ్నానికే తిరిగొచ్చింది.

"ఏమన్నారత్తా?"

"కాఫీ ఇచ్చినారు."

చెప్పులు విడిచి చాలాసేపు మెట్ల మీదే కూర్చుంది. తర్వాత మెడ మీది కుట్టును వేలితో తాకి, "బొమ్మల్లో మారితే రెక్కలొస్తాయి. మనకు ఇది" అంది.

గడ్డ మళ్లీ వచ్చింది. పోయిన నెల ఒక సాయంత్రం నన్ను పట్టుకుని మేడ ఎక్కింది. హారన్ మోగింది. నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది. హారన్ ఇంకా మోగుతూనే ఉంది. నావైపు తిరిగి, "నువ్వు పెట్టవే" అని సైగ చేసింది.

పక్క మేడ మీద ఒకామె వడియాలు ఎత్తుతోంది. ఆమె చూస్తుందేమో అనుకున్నాను. ఇరవై నాలుగేళ్లు వచ్చినా నాకు అదే అడ్డం.

"రేపు పెడతాలే అత్తా."

"సరి" అన్నట్టు తలూపింది. మర్నాడు ఆస్పత్రిలో చేర్చారు.

ఆమె పోయిన మూడో రోజు ఆ కొంగ అబ్బాయి కథ కోసం ఫోన్లో వెతికాను. దొరికింది. కొత్తగా డబ్బింగ్ చేశారు. మొదటి భాగం నుంచి చివరిదాకా ఒకే యువకుడి గొంతు. ఈకలు రాకముందు నుంచే ఆ పిల్లవాడి గొంతు మారిపోయి ఉంది. ఇంక మారడానికి ఏమీ లేదు. పాతది ఎక్కడా లేదు. కేక దగ్గర ఆపేశాను.

నిన్న సాయంత్రం ఒక్కదాన్నే మేడ ఎక్కాను. పక్క మేడ మీద ఎవరూ లేరు. లారీ వచ్చింది, పొడుగ్గా హారన్ కొట్టింది. నోరు తెరిచాను, కేక పెట్టాను. హారన్ ఆగింది, లారీ హార్బరు వైపు మలుపు తిరిగింది. నా నోరు ఇంకా తెరిచే ఉంది.