సీతాఫలాలు తిన్న సర్కారు

మొన్న కోదాడ బస్టాండు బయట తట్టలో పేర్చిన సీతాఫలాల వాసన తగిలి, ఎక్కవలసిన సూర్యాపేట బస్సు ఎక్కకుండా నిలబడిపోయాను. ఆ వాసనకు అందరికీ నోరూరుతుంది. నాకు ముందు నవ్వొస్తుంది, దాని వెనకే కొంచెం సిగ్గొస్తుంది. ఎందుకంటే మీసాలు రాని వయసులో ఒక సర్కారును నా చేతులతో నేనే ఎన్నుకుని, అది చాలదన్నట్టు మా ఇంటి సీతాఫలాలన్నీ దానికి కట్టి, ఆపైన దాని సంచీ కూడా మోశాను. లోకంలో అందరూ ఓటు డబ్బాలో వేస్తారు. నేను నా నెత్తిన వేసుకున్నాను.

నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడాది అది. సూర్యాపేటలో మా బడి అంటే రేకుల కప్పు కింద రెండు పొడుగాటి గదులు. వానాకాలం పాఠం వినపడేది కాదు, ఎండాకాలం వినబుద్ధయ్యేది కాదు. చదువు ఉర్దూలోంచి తెలుగులోకి మారింది గాని మా నాలుకలు ఇంకా మారలేదు, తెలుగు సారు తెలుగులో పేరు పిలిచినా "హాజిర్" అనే పలికేవాళ్లం. తంగేడూ గునుగూ పూసి చేల గట్లన్నీ పసుపూ తెలుపూ అయిన రోజులు. ఇంట్లో బతుకమ్మకు చేసిన మలీద ముద్దలు, సత్తుపిండి. సాయంత్రమైతే బడి వెనక బయల్లో చిర్రగోనె, అదే గిల్లీదండా. చివ్వెంల దగ్గర మా మెట్ట చెలక గట్టు మీద సీతాఫలం చెట్లుండేవి. మా నాయనమ్మ కళ్లు విచ్చుకున్న కాయలనే ఏరి కోయించి, గంపలో వరిగడ్డి మధ్య మాగేసేది. ఆ ఏడాది కాయలకు తెరుచుకున్నంత తొందరగా నా కళ్లు తెరుచుకోలేదు.

అప్పుడే కోదాడ నుంచి కొత్త సారు వచ్చాడు. తెల్లటి ధోవతి, ఆంధ్రా గాలి సోకిన మాట. ఇక మీదట రాజులుండరనీ, మనల్ని మనమే ఏలుకుంటామనీ, అదెట్లాగో బడిలోనే నేర్చుకోవాలనీ చెప్పి, మా తరగతికి ఒక ప్రభుత్వం పెట్టాడు. పోటీ చేసినవాళ్ల పేరున తలా ఒక మట్టి ముంత, ముంతలకు అడ్డంగా ఒక దుప్పటి, మా చేతికి తలా ఒక చింతగింజ. పటేలుగారి కొడుకు రంగడు ప్రధానమంత్రి అయ్యాడు. చిర్రగోనె జట్టుకు నాయకుడు కూడా వాడే; వాడు కొట్టిన చిర్రను వెతకడానికే మాకు పొద్దుపోయేది. దేశాన్నేలడానికి అంతకన్నా అర్హత ఏం కావాలని నా గింజ వాడి ముంతలోనే వేశాను. వాడు తన స్నేహితులను మంత్రులుగా పెట్టుకున్నాడు. మిగిలిన మమ్మల్ని సారు పౌరులన్నాడు.

మంత్రుల పనేమిటో సారు చెప్పాడు. పౌరుల పనేమిటో చెప్పబోతుండగా గంట కొట్టారు. ఇంటికొచ్చి నాయనమ్మను అడిగాను. ఆమె చూసిన సర్కారు వేరు: ఊరికి తనిఖీ దౌరా వచ్చిన పోలీసు అమీనుకు కోళ్లూ నెయ్యీ పంపడం, ఆయన పక్కబట్టలు తర్వాతి ఊరిదాకా మోయడం.

"సర్కారు కాడికి ఉత్తచేతులతోని ఎవలన్న పోతరా బిడ్డా?" అంది.

మర్నాడు పొద్దున్నే ప్రధానమంత్రి ముందు సీతాఫలాలు పెట్టి, వాడి పుస్తకాల సంచీ భుజాన వేసుకున్నాను. వాడు అడగలేదు, వద్దనీ అనలేదు. వాడు మాత్రం ఇంకే సర్కారును చూశాడు గనక? "గాడ వెట్టు," అన్నాడు అచ్చం వాళ్ల నాయన గొంతుతో. నన్ను చూసి ఇంకొకడు జామకాయలు తెచ్చాడు, మరొకడు బెల్లమూ పల్లీలూ తెచ్చాడు. చూస్తుండగానే ప్రభుత్వం ఒళ్లు చేసింది. మంత్రులందరిలోనూ తన శాఖను శ్రద్ధగా చూసుకున్నవాడు ఆహారమంత్రి ఒక్కడే.

దీపావళికి పక్క వీధి పిల్లలతో చిర్రగోనె పందెం ఉంది. ఆ జట్టులో చోటు కోసం నేను కలవరించేవాణ్ని, చోటు ఇస్తానని రంగడు మాట కూడా ఇచ్చాడు. ఇంతలో నాయనమ్మ గంప అడుగు కనిపించింది. ఉత్తచేతులతో వెళ్లిన పొద్దున రంగడు నా మొహం చూడలేదు, చేతులు చూశాడు. సాయంత్రానికి నా చోటు బెల్లం పల్లీలవాడిదైంది. అయినా నేను సంచీ మోయడం మానలేదు. సర్కారుకు దయ కలగకపోతుందా అని.

ఒకరోజు వాకిట్లో సారు ఆపాడు. "రెండు సంచులేమిట్రా? ఆ రెండోది ఎవరిది?"

"సర్కార్ది సార్."

"సర్కారు ఎవరిదిరా?"

"పటేలుగారిది సార్," అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

ఆ శనివారం తరగతినంతా సభగా కూర్చోబెట్టి, ఇక వారం వారం ఇట్లాగే సభ అని కొత్త నియమం చెప్పాడు. ఏ పౌరుడైనా లేచి అడగవచ్చు. జవాబు చెప్పేదాకా మంత్రి నిలబడే ఉండాలి. సర్కారు నిలబడడం మేమెవరమూ చూసి ఎరగం. చూద్దామనే ఆశతోనే లేచాను.

"నా సీతాఫలాలు ఏమైనయి?"

"తిన్నం," అన్నాడు రంగడు నిలబడి. "నువ్వే తెచ్చినవ్ గదరా. నేనడిగిన్నా?"

తరగతి గొల్లుమంది. నిజమే మరి, అడగలేదు. అయినా నేను కూర్చోలేదు.

"మరి తేని దినం ఆటలకెల్లి ఎందుకు తీసేసినవ్?"

నవ్వు ఆగిపోయింది. మంత్రులు గోడలు చూశారు. జామకాయలవాడు లేచి నిలబడ్డాడు, ఆనక ఇంకొకడు, ఆనక దాదాపు అందరూ. సారు మళ్లీ ముంతలు తెప్పించాడు. ఈసారి చింతగింజలు నా ముంతలో గలగలలాడాయి.

రంగడు చెయ్యెత్తాడు. "ఇగ నేను గూడ అడగొచ్చా సార్?"

"నువ్వే అడగాలి," అన్నాడు సారు.

అడిగాడు మహానుభావుడు. కుండలో నీళ్లకు నాచు వాసనెందుకు, సుద్దముక్కలు ఎటు పోతున్నాయి, గంట ఎందుకు ఆలస్యమైంది అంటూ శనివారం శనివారం నన్ను నిలబెట్టి నీళ్లు తాగించాడు. వాడు మంచి ప్రధానమంత్రి కాలేదు గాని, వాడంత మంచి పౌరుణ్ని నేను తర్వాత చూడలేదు.

ఇప్పుడు ఆ బడి చోట దుకాణాల వరుస ఉంది. మా చెలక గట్టూ లేదు, చిర్రగోనె ఆడే బయలూ లేదు. మంత్రిని నిలబెట్టి అడిగే శనివారాలు ఎటుపోయాయో అందరికీ తెలిసిందే. రంగడు మిర్యాలగూడలో బియ్యం మిల్లు పెట్టి, కొడుకుల చేతికిచ్చి, పెళ్లిళ్లలో నా పక్కన కూర్చుంటాడు. సభలో అడిగిన మాట మరిచిపోయానంటాడు, గద్దె దింపింది మరిచిపోయానంటాడు. "గదొక్కటే నిన్ను మాఫ్ చెయ్యలేదురా," అంటాడు.

అదేమిటంటే, నేను ప్రధానమంత్రినయ్యాక దీపావళి పందేనికి జట్టును ఎంచే పొద్దున, రంగడు గుడ్డలో నువ్వుల లడ్లు మూటగట్టుకుని అందరికన్నా ముందే వచ్చాడు. ఆ లడ్లంటే నాకు ప్రాణం; మూట విప్పకముందే వాసన నా దాకా వచ్చింది. మింగిన గుటక బయటికి తెలియకుండా, అందరూ వినేటట్టు చెప్పాను.

"జట్టుల మొదటి పేరు నీదే. నిన్ననే రాసిన. లడ్లు ఇంటికి తీస్కపో."

చోటు దొరికినా కదలక, ఆ మూటను ఎక్కడ పెట్టాలో తెలియక, రంగడు అట్లాగే నిలబడ్డాడు.