నీళ్ళు తగ్గిన మధ్యాహ్నం

ఎవుసేబియా పొద్దున్నే లేచి, పొయ్యి కూడా వెలిగించకముందే, ఇంటి వెనక వాగు దగ్గరికి వెళ్ళేది. గట్టు మీద గొంతుక్కూర్చుని, నీళ్ళు ఏ రాయి దాకా వచ్చాయో చూసేది. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి చూసేది. ఆ వాగు పైనున్న హిమానీనదం కరిగి వచ్చేదే. తెల్లవారుజామున సన్నగా పారుతుంది, ఎండెక్కేకొద్దీ పొంగుతుంది. మూడింటికల్లా గుర్రం కూడా దాటలేదు.

మా ఊరు మంచుకొండల పార్కు చూడ్డానికి వచ్చేవాళ్ళ మీద బతుకుతుంది. వాళ్ళు హువారాస్ పట్నం నుంచి వ్యాన్లలో వస్తారు. గేటు దగ్గర కోకా ఆకుల టీ తాగి, మంచు దాకా నడిచి ఫొటోలు దిగుతారు. ఆ మంచు ఏటా కాస్త పైకి జరుగుతోంది. కింద మిగిలిన నల్లరాయి వెడల్పవుతోంది.

పార్కు రాకముందు ఊళ్ళో మగవాళ్ళు మంచు కోసేవారు. ఎవుసేబియా భర్త మకారియో కూడా అదే పని చేసేవాడు. దిమ్మల్ని ఎండుగడ్డిలో చుట్టి గాడిద మీద దింపి, పట్నంలో ఐసు తురిమి రంగుపాకం పోసి అమ్మేవాళ్ళకి వేసేవాడు. మధ్యాహ్నం వాగు పొంగితే అవతలే ఆగిపోవాలి, తెల్లారేసరికి సరుకు సగం నీళ్ళయిపోతుంది. అందుకే ఎప్పుడైనా మధ్యాహ్నంపూట వాగు తగ్గి కనిపిస్తే, కొండ దయతలిచిందని సంబరపడేవారు.

ఒక ఆగస్టులో అలాగే తగ్గింది. అవతలి గట్టున తటపటాయిస్తున్న మకారియోని ఎవుసేబియాయే చెయ్యూపి రమ్మంది. పైన మంచు విరిగి వాగుకి అడ్డం పడిందనీ, దాని వెనక నీళ్ళు చేరుతున్నాయనీ ఎవరికీ తట్టలేదు. అతను సగం దాటాక ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా వచ్చాయి. గాడిద నాలుగు కిలోమీటర్ల కింద దొరికింది. మకారియో దొరకలేదు.

నాలుగేళ్ళ కిందట, జూలైలో ఒకరోజు, మధ్యాహ్నం రెండున్నరకి కూడా వాగు పొద్దుటిలాగే సన్నగా ఉంది. ఆ పొద్దున ఆమె అక్క కూతురు నేలిద, టూరు కంపెనీ గైడుగా, తొమ్మిదిమందిని వెంటబెట్టుకుని పైకి వెళ్ళింది. తల్లి పోయాక ఎవుసేబియా పెంచిన పిల్ల ఆమె. తిరిగి రావాలంటే వాగు దాటాలి.

ఎవుసేబియా గేటు దగ్గరికి వెళ్ళింది. కాపలాదారు యౌరి వేయించిన మొక్కజొన్నలు నములుతున్నాడు.

"వాగు పొంగలేదు. నేలిదని వాకీటాకీలో పిలువు."

"పొంగితే ఒక ఏడుపు, పొంగకపోతే ఒక ఏడుపు. నిన్నడిగి పారాలా పెద్దమ్మా అది?"

"పిలువు నాయనా."

"ఆ మలుపు దాటితే అందదు. పైన మబ్బు పట్టుంటుందిలే, మంచు కరగలేదు. ఇంటికెళ్ళి దుంపలు ఉడకేసుకో."

ఆమె తలెత్తి చూసింది. ఎక్కడా మబ్బు తునక లేదు.

వాగు దాటే రేవు దాకా ఎక్కడానికి గంట పట్టింది. నేలిద అప్పటికే అవతలి గట్టుకి చేరింది. మామూలుగా అయితే ఆ రేవులో ఎంత అరిచినా అవతలికి వినపడదు. ఆ రోజు ఇంట్లో మాట్లాడుకున్నట్టే వినపడింది. ఎవుసేబియాకి అదే ఎక్కువ భయం వేసింది.

"ఇంత దూరం ఎందుకొచ్చావు పిన్నీ? మోకాళ్ళు బాగుపడ్డాయా?"

"దాటకు. గుట్ట మీది దారిన తిరిగి ఊరి వంతెన దగ్గర దిగు."

"అది మూడు గంటలు. ఇక్కడ ఒక పెద్దాయనకి ఊపిరాడ్డం లేదు, కక్కుతున్నాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు. రెండు నిమిషాల్లో వచ్చేస్తాం."

"లేవు గనకే వద్దంటున్నా."

"ఈయనకేమన్నా అయితే నువ్వొచ్చి చెప్తావా? నా ఉద్యోగం పోతుంది."

"పోనీ."

"ఆ రోజు బాబాయిని రమ్మన్నది నువ్వేగా? అప్పుడూ నీ మాటే వినాలి, ఇప్పుడూ నీ మాటే వినాలా?"

తొమ్మిదిమందీ మాట అర్థంకాక ఇద్దరి మొహాలూ చూస్తున్నారు.

"అవును, నేనే రమ్మన్నాను," అంది ఎవుసేబియా. "ఆ రోజూ ఇన్ని నీళ్ళే ఉన్నాయి. ఇలాగే చప్పుడు లేదు."

నేలిద కాసేపు వాగుకేసి చూసింది. మధ్యలో రాళ్ళు ఎండి తెల్లబడ్డాయి.

"సరే. మూడు గంటలు నడవాలని వీళ్ళకి నువ్వే చెప్పు."

"నాకు వాళ్ళ భాష రాదే."

"అదీ నా ఖర్మేనా," అని నేలిద పెద్దాయన చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

చీకటి పడేవేళకి అందరూ ఊరికి చేరారు. పెద్దాయన పెదాలు నీలంగా ఉన్నాయి. వారం ఆసుపత్రిలో ఉండి బతికాడు. వరద మాత్రం ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. వచ్చినవాళ్ళు ఫిర్యాదు చేశారు. ముసలావిడ భయానికి లొంగి జనాన్ని చంపబోయిందని కంపెనీ నేలిదని తీసేసింది.

మూడో రోజుకి వాగు ఎప్పటిలాగే పొంగింది. యౌరి ఊరంతా తిరిగి ఆ సంగతి చెప్పాడు. అయిదో రోజున ఇంజనీర్లు పైకెక్కి చూశారు. కొండల ఇరుకులో విరిగిపడ్డ మంచు అలాగే ఉంది, దాని వెనక పచ్చటి మడుగు. అది నిండి పైనుంచి పొర్లుతోంది, అంతే. గొట్టాలు వేసి కొంత తోడారు. వానల్లో మళ్ళీ నిండింది.

ఆ అడ్డం ఎప్పుడైనా తెగొచ్చని రేవు మూసేశారు. వచ్చేవాళ్ళు ఇప్పుడు గేటు పక్క మెరక మీంచి మంచు చూసి వెళ్తారు. వాగు గట్టున పదకొండు ఇళ్ళకి తాళాలున్నాయి. ఎవుసేబియాకి అరవై రెండేళ్ళు. హువారాస్‌లో నేలిదతో ఒక గదిలో ఉంటూ, మార్కెట్లో ఉన్ని టోపీలు అమ్ముతోంది.