నడుమకు విడదీసిన పుస్తకం

డిగ్రీలో వృక్షశాస్త్రం పుస్తకం చెరొకటి కొనే స్తోమత నాకూ లేదు, చిన్నకోడూరు నుంచి బస్సులో వచ్చే నా స్నేహితురాలికీ లేదు. ఇద్దరం కలిసి ఒక్కటే కొన్నాం. సిద్దిపేటలో పుస్తకాలు బైండింగ్ చేసే అతని దగ్గరికి తీసుకెళ్లి, రెండు ముక్కలు చేయమన్నాం.

అతను పుస్తకం వీపు దగ్గర అట్ట విప్పి చూశాడు. “కుట్టు ఉన్నకాడనే ఇడుతది చెల్లె. పాఠం నడుమల తెగుతది మరి.”

“తెగితే తెగనీ అన్నా” అంది నా స్నేహితురాలు.

తెగింది కిరణజన్య సంయోగక్రియ, అదీ ఒక వాక్యం మధ్యలో. మొదటి సగం నాకు, రెండోది ఆమెకు. అప్పుడప్పుడూ మార్చుకునేవాళ్లం. ఆమె నా సగాన్ని పేజీల మూలలు మడిచి తిరిగిచ్చేది, నేను తిట్టేదాన్ని. ఆ ఒక్క పాఠం మాత్రం విడిగా చదివితే అర్థమయ్యేది కాదు. బస్టాండులో బెంచీ మీద పక్కపక్కనే కూర్చునేవాళ్లం. నా పేజీ అయిపోయేదాకా నేను పైకి చదివేదాన్ని. అక్కడి నుంచి ఆమె అందుకునేది. బస్సు వచ్చినా పాఠం అయ్యేదాకా లేచేది కాదు.

ఆ ముక్కలు ఇప్పుడు ఎక్కడున్నాయో తెలియదు. మొన్న నా బిడ్డ అదే పాఠం చెప్పమంటే, మా పాత పుస్తకంలోని మాటలే గడగడా వచ్చేశాయి. ఒకచోట మాత్రం, వాక్యం మధ్యలో, నోరు ఆగిపోయింది.

“తర్వాత ఏందమ్మా?”

నేను పక్కకు చూశాను. అక్కడి నుంచి చదవాల్సింది నేను కాదు.